తక్కువ బడ్జెట్‌లో కారు సౌండ్ సిస్టమ్: ముందు ఏది మార్చాలి?

కొత్తకారుకాదు

అందరికీ నమస్తే. నాది చిన్న హ్యాచ్‌బ్యాక్, కొని ఎనిమిదేళ్లయింది. కంపెనీ ఇచ్చిన స్టీరియోనే వాడుతున్నాను. నాలుగు డోర్లలో నాలుగు స్పీకర్లు, ట్వీటర్లు (సన్నటి శబ్దాలకు వాడే చిన్న స్పీకర్లు) లేవు. వాల్యూమ్ సగం దాటగానే పాట పగిలిపోతుంది. తబలా వస్తే రేకు డబ్బా మీద కొట్టినట్టు ఉంటుంది. హైవే ఎక్కితే పాడ్‌కాస్ట్‌లో మాటలు కూడా సరిగ్గా అందవు.

బడ్జెట్ పెద్దగా లేదు. విడతలుగా చేసుకుందామని ఆలోచన. ఒక షాపులో అడిగితే డిక్కీలో సబ్‌వూఫర్ (బేస్ కోసం వాడే పెద్ద స్పీకర్), యాంప్లిఫయర్ పెట్టించుకోండి, డోర్ స్పీకర్ల జోలికి వెళ్లక్కర్లేదు అన్నారు. ఇంకో చోట స్టీరియో తీసేసి పెద్ద ఆండ్రాయిడ్ స్క్రీన్ వేయిస్తే చాలన్నారు. ఇద్దరూ అమ్ముకునేవాళ్లే. మీరైతే దేంతో మొదలుపెడతారు?

బేస్‌బాబు

సబ్‌తోనే బ్రో. నో డౌట్. డోర్ స్పీకర్లు ఎంత ఖరీదైనవి వేసినా ఆ గుండెల్లో దడ రాదు.

తీగలపని

నేను ఫిట్టింగ్ పనిలోనే ఉన్నాను. ఏదైనా కొనేముందు ఖర్చులేని పని ఒకటి చేయండి. బ్యాలెన్స్ (ఎడమ, కుడి), ఫేడర్ (ముందు, వెనక) తిప్పుతూ ఒక్కో స్పీకర్‌ను విడిగా వినండి. పగిలేది నాలుగింట్లోనా, ఒక్కదాంట్లోనా? పాత కార్లలో పేపర్ కోన్ తడికి మెత్తబడి అంచు దగ్గర ఊడిపోయి ఉంటుంది. అలాంటి స్పీకర్ ఒక్కటున్నా మొత్తం సిస్టమ్ చెడ్డదనిపిస్తుంది.

ఇంకొకటి. స్టీరియోలో బేస్, ట్రెబుల్ సున్నాకి తెచ్చి, లౌడ్‌నెస్ (బేస్‌ను పెంచే బటన్) ఆఫ్ చేయండి. ఫోన్‌లో ఈక్వలైజర్ ఉంటే అదీ ఆపేయండి. తర్వాత ఎలా ఉందో చెప్పండి.

కొత్తకారుకాదు

చూశాను అన్నా. ముందు ఎడమ డోర్ గరగరలాడుతోంది. మిగతా మూడూ బాగానే ఉన్నాయి గానీ సౌండ్ పల్చగా ఉంది. లౌడ్‌నెస్ ఆన్‌లోనే ఉంది, ఫోన్‌లో బేస్ బూస్ట్ కూడా. రెండూ తీసేస్తే పగలడం చాలా తగ్గింది. బేస్ మాత్రం ఉన్న కాస్తా పోయింది.

ఓమ్స్‌లా

పగలడం ఎందుకు తగ్గిందో చెప్తాను, ఎందుకంటే మీ తర్వాతి కొనుగోళ్లన్నీ దీని మీదే ఆధారపడతాయి.

స్టీరియో పెట్టె మీద "50 వాట్లు × 4" అని రాస్తారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క వేసుకోవచ్చు. ఇంజిన్ నడుస్తుంటే వోల్టేజ్ సుమారు 14.4. స్పీకర్ నిరోధం 4 ఓమ్స్. 14.4ను వర్గం చేసి 4తో భాగిస్తే 52 దాకా వస్తుంది. అంటే సిగ్నల్ అల శిఖరాలు తెగి చదరపు ఆకారానికి మారినప్పుడు వచ్చే పవర్ అది. పాట కాదు, గోల. నికార్సైన సైన్ వేవ్‌కి (నునుపైన అల) అందులో సగమే, 26. లోపలి చిప్‌లో పోయేది పోగా శుభ్రంగా దక్కేది ఛానల్‌కి 18, 20 వాట్లు.

చాలా స్టీరియోల్లో వాడే టీడీఏ7388 అనే చిప్ డేటాషీట్‌లోనే 4 ఓమ్స్‌కి 26 వాట్లు, అదీ 10 శాతం డిస్టార్షన్‌తో (శబ్దం వికృతం కావడం) అని ఉంటుంది. ఆ 10 శాతం చెవికి బాగా తెలిసిపోతుంది.

ఇప్పుడు బేస్ బూస్ట్ సంగతి. ఏ ఫ్రీక్వెన్సీనైనా 10 డెసిబెల్స్ పెంచితే అక్కడ పదింతల పవర్ కావాలి. ఉన్నదే 20 వాట్లు. అందుకే నాబ్ సగంలోనే దమ్ము అయిపోతోంది.

బేస్‌బాబు

ఓమ్స్ సార్ చెప్పినదాన్ని బట్టే చూడండి, స్టీరియోకి పవర్ లేదు కదా. సొంత యాంప్ ఉన్న సబ్ పెడితే ఆ బరువంతా అది మోస్తుంది. నేను చెప్పింది కరెక్టే 😎

ఓమ్స్‌లా

కరెక్టే బాబూ, రెండో విడతకి. గరగరలాడే డోర్ స్పీకర్‌తో పాడ్‌కాస్ట్ వినే మనిషికి సబ్ ఏం చేస్తుంది? మాట ఉండేది దాదాపు 100 నుంచి కొన్ని వేల హెర్ట్జ్ మధ్య. అదంతా ముందు డోర్ల పని.

పాతడీజిల్

నా అభిప్రాయం కూడా ముందు డోర్లే. నాది డీజిల్ బండి, ఇంజిన్ మోతే ఒక వాయిద్యం. స్పీకర్ ఎంపికలో నేను చూసేది ఒకటే, సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందనేది. డబ్బాపై పెద్ద అక్షరాలతో రాసే "300 వాట్లు" చూడను. అది పీక్ పవర్, స్పీకర్ ఎంతవరకు తట్టుకుంటుందనే దాని మీద ఆశాభావం. యాంప్ లేకుండా స్టీరియోతోనే నడపాలంటే 90 డెసిబెల్స్, ఆపైన ఉన్నవి చూడండి. 87 ఉన్న స్పీకర్‌తో 20 వాట్లకు వచ్చే సౌండ్ 90 ఉన్నదాంతో 10 వాట్లకే వస్తుంది.

ఓమ్స్‌లా

పాతడీజిల్ గారికి చిన్న చేర్పు. కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని 1 వాట్ దగ్గర కొలుస్తాయి, కొన్ని 2.83 వోల్ట్‌ల దగ్గర. 4 ఓమ్స్ స్పీకర్‌కి 2.83 వోల్ట్‌లంటే 2 వాట్లు. అంటే అదే స్పీకర్ కాగితం మీద 3 డెసిబెల్స్ ఎక్కువ కనిపిస్తుంది. రెండు మోడళ్లు పోల్చేటప్పుడు పక్కన ఏం రాశారో చూడండి.

యాంప్‌ల విషయంలో సీటీఏ-2006 అని ముద్ర ఉంటే నమ్మొచ్చు. 2003లో సీఈఏ-2006 పేరుతో వచ్చిన కొలత పద్ధతి అది. 14.4 వోల్ట్‌లు, 4 ఓమ్స్, డిస్టార్షన్ 1 శాతం మించకుండా కొలిచి చెప్పాలి. ఆ ముద్ర లేకపోతే ఆర్‌ఎంఎస్ అంకె (నిలకడగా ఇచ్చే పవర్) చూడండి. అదీ లేకపోతే పక్కన పెట్టేయండి.

వెనకసీటు

ఒక్క మాట. ఇక్కడ అందరూ ముందు డోర్లు, ముందు డోర్లు అంటున్నారు. వెనక కూర్చునేవాళ్లం మనుషులం కాదా? మా కారులో మావారు ముందు మాత్రమే మార్చారు. వెనక మాకు అదే పాత సౌండు.

తీగలపని

మీ బాధ న్యాయమే అక్కా. కానీ డబ్బు ఒక జతకే ఉన్నప్పుడు ముందే పెట్టాలి. నడిపేవాళ్లకు పాట ఎదురుగా వినిపించాలి, వెనక నుంచి కాదు. మీ విషయంలో ఖర్చులేని ఉపాయం ఉంది. కొత్తవి ముందుకు వచ్చాక పాత ముందు స్పీకర్లు బాగుంటే, సైజు కుదిరితే, వెనకకి పంపొచ్చు. వెనకవాటికి హై పాస్ ఫిల్టర్ (తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపేది) పెడితే బేస్ భారం తగ్గి పగలవు. ఫేడర్ కూడా ముందుకి మరీ తోసేయకుండా ఉంచమనండి.

కొత్తకారుకాదు గారూ, మీకు నా సలహా ఇది. ముందు డోర్లకు కాంపోనెంట్ సెట్ వేయండి, వూఫర్, ట్వీటర్ విడివిడిగా ఉండేది. ట్వీటర్‌ను డాష్‌బోర్డ్ మూల లేదా అద్దం పక్కన ఉండే త్రికోణం దగ్గర పెడితే గొంతు కాళ్ల దగ్గర నుంచి కాకుండా ఎదురుగా వస్తుంది. బడ్జెట్ మరీ బిగుతైతే మంచి కోయాక్సియల్ (వూఫర్, ట్వీటర్ ఒకే స్పీకర్‌లో ఉండేది) కూడా చాలు. చవక కాంపోనెంట్ కన్నా మంచి కోయాక్సియల్ మేలని నేను నమ్ముతాను. చవక సెట్లలో క్రాసోవర్ (ఏ శబ్దం ఏ స్పీకర్‌కి వెళ్లాలో వేరు చేసేది) అంటే ట్వీటర్ తీగకు అతికించిన ఒక్క కెపాసిటర్, అంతే.

కొనేముందు డోర్ ప్యాడ్ విప్పించి లోతు కొలవండి. అద్దం పూర్తిగా దింపి మరీ కొలవాలి. స్పీకర్ మ్యాగ్నెట్ అద్దానికి తగిలితే ఏ బ్రాండైనా వృథా.

కొత్తకారుకాదు

డోర్ రేకు అదురు తగ్గించే డ్యాంపింగ్ షీట్ల గురించి చాలామంది చెప్తున్నారు. అది నిజంగా అవసరమా, లేక బిల్లు పెంచే పనా?

బేస్‌బాబు

బిల్లు పెంచే పనే. ఆ డబ్బుతో ఇంకో మోడల్ పైది కొనుక్కో బ్రో.

తీగలపని

బాబూ, ఇక్కడ మాత్రం నీతో ఒప్పుకోను. స్పీకర్ కోన్ ముందుకి ఎంత గాలి తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది, కాకపోతే వ్యతిరేక దిశలో. డోర్ లోపలి రేకులో సర్వీస్ కోసం పెద్ద పెద్ద రంధ్రాలుంటాయి, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ షీట్ మాత్రమే ఉంటుంది. వెనక గాలి ఆ రంధ్రాల్లోంచి వచ్చి ముందు గాలిని కొట్టేస్తుంది. పోయేది ముఖ్యంగా బేసే. నువ్వు సబ్‌లో వెతుకుతున్న బేస్‌లో కొంత ఆ రంధ్రాల్లోనే పోతోంది.

పద్ధతి చెప్తాను. బయటి రేకుకి లోపలి వైపు, స్పీకర్ సరిగ్గా వెనక ఉండే భాగంలో బ్యూటైల్ (రబ్బరు లాంటిది) షీట్ అంటించాలి. రేకు మొత్తం కప్పక్కర్లేదు, నాలుగో వంతు కప్పినా రేకు మోగడం చాలావరకు ఆగిపోతుంది. లోపలి రేకు రంధ్రాలను మాత్రం పూర్తిగా మూసేయాలి. పెద్ద రంధ్రాలకు షీట్ ఒక్కటే వేస్తే అది కూడా కోన్‌తో పాటు ఊగుతుంది, కింద గట్టి ప్లాస్టిక్ ముక్కో పల్చటి అల్యూమినియం రేకో పెట్టాలి.

తారు షీట్లు చవక. ఎండలో మెత్తబడి జారతాయి, వాసన కూడా వస్తుంది. బ్యూటైలే తీసుకోండి. అంటించేముందు రేకును స్పిరిట్‌తో తుడిచి, రోలర్‌తో గట్టిగా నొక్కాలి. డోర్ అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని మూసేస్తే డోర్ తుప్పు పట్టిపోతుంది. తీసిన ఆ పల్చటి ప్లాస్టిక్ షీట్‌ను కూడా పారేయకండి, రంధ్రాలు సీల్ కాని చోట తిరిగి అంటించాలి.

పాతడీజిల్

డ్యాంపింగ్ వల్ల నాకు కనిపించిన తేడా పాటలో కన్నా డోర్ వేసినప్పుడు వచ్చే చప్పుడులో ఎక్కువ. చెవిని సంతోషపెట్టడానికి అదీ చాలు అనుకోండి. ఒక్కటి మాత్రం, ముందు డోర్లు చేస్తే రోడ్డు మోత మాయమవుతుందని ఆశపడకండి. టైర్ల నుంచి, చక్రాలు తిరిగే గూళ్ల నుంచి వచ్చేదే ఎక్కువ.

స్పీకర్ కింద వేసే స్పేసర్ రింగ్ ఎండీఎఫ్‌ది (చెక్కపొడి నొక్కి చేసిన బోర్డు) వద్దు. డోర్ లోపల వానకి తడుస్తుంది, ఉబ్బిపోతుంది. గట్టి ప్లాస్టిక్‌వి దొరుకుతాయి.

గేర్‌మార్చు

నేను వేరే దారిలో వెళ్లాను. స్క్రీన్ ముందు మార్చాను, స్పీకర్లు తర్వాత. మ్యాప్స్, రివర్స్ కెమెరా కోసం అయితే ఆండ్రాయిడ్ స్క్రీన్ మంచిదే. సౌండ్ కోసమే అయితే తొందరపడొద్దు. చవకవాటిలో ర్యామ్ ఎంత అని చెప్తారు గానీ ప్రీ-అవుట్ (బయటి యాంప్‌కి ఇచ్చే సిగ్నల్) వోల్టేజ్ ఎంత, లోపలి యాంప్ చిప్ ఏమిటి అంటే సమాధానం ఉండదు. నేను కొన్నదానిలో ఇంజిన్ ఆఫ్ చేసినా పాట వెనక చిన్న సుయ్ మనే శబ్దం ఉండేది. చివరికి మార్చేశాను.

పేరున్న కంపెనీల మామూలు స్టీరియోల్లో, పెద్ద స్క్రీన్ లేకపోయినా, క్రాసోవర్లు, ఎక్కువ బ్యాండ్‌ల ఈక్వలైజర్, టైమ్ అలైన్‌మెంట్ ఉంటాయి. పనికొచ్చేవి అవే.

కొత్తకారుకాదు

టైమ్ అలైన్‌మెంట్ అంటే?

గేర్‌మార్చు

మీరు కూర్చునే సీటుకి ఒక డోర్ దగ్గర, ఒకటి దూరం. దగ్గరి స్పీకర్ సౌండ్ ముందు చేరుతుంది, అందుకే గొంతు మీ మోకాలి పక్క నుంచి వస్తున్నట్టు ఉంటుంది. శబ్దం 1 మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. దూరాల తేడా టేపుతో కొలిచి, దగ్గరిదాన్ని అంతమేర ఆలస్యం చేస్తారు. పాడే మనిషి డాష్‌బోర్డ్ మధ్యకు వచ్చేస్తాడు. నష్టం ఏంటంటే పక్క సీటువాళ్లకు బ్యాలెన్స్ చెడుతుంది. అందుకే ఫ్యామిలీతో వెళ్లేటప్పుడు ఆఫ్ చేసేస్తాను.

వెనకసీటు

వెనక సీటుకి ఏమవుతుందో అడగను లెండి.

కొత్తకారుకాదు

అప్‌డేట్. మొదటి విడత అయింది. ముందు డోర్లకు 6.5 అంగుళాల కాంపోనెంట్ సెట్, సెన్సిటివిటీ 91. డ్యాంపింగ్ రెండు ముందు డోర్లకే. స్టీరియో పాతదే. తీగలు కోయకుండా కప్లర్ అడాప్టర్‌తోనే (కంపెనీ ప్లగ్‌లో నేరుగా దిగేది) బిగించమన్నాను. మాటల స్పష్టత చాలా పెరిగింది, సగం వాల్యూమ్ దాటినా పగలడం లేదు.

కానీ విచిత్రంగా బేస్ ముందుకన్నా తక్కువ అనిపిస్తోంది. బ్యాలెన్స్ పూర్తిగా ఒక పక్కకి తిప్పితే బాగుంది. మధ్యకు తెస్తే మాయం.

ఓమ్స్‌లా

పోలారిటీ. ఒక వూఫర్‌కి ప్లస్, మైనస్ తారుమారు అయ్యాయి. ఒకటి ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది, బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటోంది. స్పీకర్ తీగలు స్టీరియో నుంచి విడదీసి, 1.5 వోల్ట్ పెన్సిల్ సెల్‌ను ఒక్క క్షణం తాకించండి. సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి రావాలి. ట్వీటర్‌కి ఈ పరీక్ష చేయకండి.

బయట కొనే స్టీరియోల్లో తీగల రంగులు సాధారణంగా ఒకేలా ఉంటాయి. తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల గీత ఉన్నది మైనస్. కంపెనీ ఫిట్టింగ్ తీగలు మాత్రం కారు కారుకీ మారతాయి, అక్కడ రంగుల్ని నమ్మొద్దు. స్పీకర్ మైనస్‌ను బాడీకి కలపడం ఎప్పుడూ వద్దు, ఇప్పటి స్టీరియోల్లో ఆ మైనస్ ఎర్త్ కాదు, చిప్ కాలిపోతుంది.

కొత్తకారుకాదు

అదే! ఎడమది తిరగబడి ఉంది. మార్చగానే తబలా తబలాలా వినిపించింది. థాంక్స్ ఓమ్స్ సార్.

ఇప్పుడు నాకే ఆశ పెరుగుతోంది. రెండో విడతలో నాలుగు ఛానళ్ల యాంపా, సీటు కింద పెట్టే సబ్బా? డిక్కీ స్థలం పోగొట్టుకోలేను.

బేస్‌బాబు

వచ్చాడండీ దారికి! సీటు కింద 8 అంగుళాల యాక్టివ్ సబ్. యాంప్ దాన్లోనే ఉంటుంది. నా పాత కారులో ఉండేది. డిక్కీ పెట్టె దడ రాదు, కానీ పాటకి కింద పునాది పడుతుంది. చిన్న క్యాబిన్‌లో తక్కువ ఫ్రీక్వెన్సీలు మూసిన గది వల్ల వాటంతట అవే పెరుగుతాయి, అందుకే చిన్న సబ్ కూడా పని చేస్తుంది. ముందు సీటు కింద ఎత్తు కొలుచుకో, ఏసీ డక్ట్ ఉంటే పట్టదు.

ఓమ్స్‌లా

ఈసారి బాబుతో ఏకీభవిస్తున్నాను. నాలుగు ఛానళ్ల యాంప్ వేసి 20 వాట్లను 50 చేస్తే పెరిగేది 4 డెసిబెల్స్. వినిపిస్తుంది, కానీ పెట్టిన ఖర్చుకి తగ్గట్టు కాదు. సబ్ వస్తే డోర్లకు 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ పెట్టొచ్చు. అప్పుడు ఉన్న 20 వాట్లే మాటకీ, వాయిద్యాలకీ మిగులుతాయి.

చిక్కు ఒకటుంది. మీ పాత స్టీరియోలో హై పాస్ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు డోర్ వూఫర్ తీగలో వరుసగా ఒక నాన్-పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్ వేస్తారు, 4 ఓమ్స్‌కి 80 హెర్ట్జ్ దగ్గర లెక్క దాదాపు 500 మైక్రోఫారడ్స్. కోత మెల్లగా ఉంటుంది, ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ (ఆక్టేవ్‌కి) 6 డెసిబెల్స్ మాత్రమే. చవక పరిష్కారం. స్టీరియోలో ఆర్‌సీఏ అవుట్ (యాంప్ కోసం విడిగా ఇచ్చే సిగ్నల్ సాకెట్) లేకపోయినా పని జరిగేలా, హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న సబ్ తీసుకోండి, వెనక స్పీకర్ తీగల నుంచే సిగ్నల్ ఇవ్వొచ్చు.

తీగలపని

పవర్ తీగ విషయంలో కక్కుర్తి వద్దు. బ్యాటరీ నుంచి నేరుగా లాగాలి, ఉన్న ఫ్యూజ్ బాక్స్‌లో ఏదో తీగకు అతికించే పని చేయనివ్వకండి. బ్యాటరీ టెర్మినల్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజ్ ఉండాలి. ఆ ఫ్యూజ్ కాపాడేది సబ్‌ను కాదు, తీగను. ఇంజిన్ గది నుంచి లోపలికి వచ్చే చోట రబ్బర్ గ్రోమెట్ (రంధ్రం అంచుకి వేసే రింగు) లేకపోతే రేకు అంచు తీగను కోసేస్తుంది, మంటలు వచ్చేది అక్కడే.

తీగ రాగిదేనా అని అడగండి. చవక కిట్లలో సీసీఏ ఉంటుంది, అల్యూమినియం మీద రాగి పూత. చూపుకి అదే లావు, మోసే కరెంట్ తక్కువ. అది తప్పనిసరైతే ఒక సైజు పెద్దది వాడాలి. ఎర్త్ తీగ పొట్టిగా ఉండాలి, పెయింట్ గీకి ఒట్టి రేకు మీద బిగించాలి. సీటు బెల్ట్ బోల్ట్ కింద మాత్రం బిగించనివ్వొద్దు. పవర్ తీగ ఒక పక్క నుంచి, సిగ్నల్ తీగ రెండో పక్క నుంచి లాగించండి.

గేర్‌మార్చు

ఇంజిన్ రేజ్ చేస్తే కీచుమంటూ పెరిగే శబ్దం వస్తే మొదట ఎర్త్ చూడండి. చాలామంది వెంటనే ఫిల్టర్ కొనేస్తారు.

కెపాసిటర్ బ్యాంకు, రెండో బ్యాటరీ అంటూ ఎవరైనా మొదలుపెడితే నవ్వి వచ్చేయండి. ఈ సైజు సబ్‌కి అవేవీ అక్కర్లేదు. ఇంజిన్ ఆపి గంటల తరబడి వినకపోతే చాలు.

కొత్తకారుకాదు

సీటు కింద సబ్ వచ్చేసింది. ఎర్త్, ఫ్యూజ్ దగ్గరుండి చూసుకున్నాను. గెయిన్ ఎంత పెట్టాలి? బిగించినతను పూర్తిగా తిప్పి వదిలేశాడు. డోర్లు కూడా అదిరిపోతున్నాయి.

ఓమ్స్‌లా

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కి యాంప్‌ను సరిపెట్టే నాబ్. కనిష్ఠానికి తెండి. సబ్‌పై ఉండే లో-పాస్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) 80 హెర్ట్జ్, బేస్ బూస్ట్ సున్నా. స్టీరియోను మీరు ఎప్పుడూ దాటని గరిష్ఠ వాల్యూమ్ దగ్గర పెట్టి, బాగా తెలిసిన పాట వేసి, గెయిన్ మెల్లగా పెంచండి. బేస్ సీటు కింద నుంచి వస్తోందని తెలిసిపోతే ఎక్కువైనట్టు. ముందు నుంచే వస్తున్నట్టు అనిపించే చోట ఆపేయండి.

తర్వాత సబ్ ఫేజ్ స్విచ్‌ను (కోన్ కదిలే దిశను తిప్పేది) 0, 180 మధ్య మార్చి చూడండి. ఏ వైపు బేస్ నిండుగా ఉంటే అది ఉంచండి. ఇందులో సిద్ధాంతమేమీ లేదు, చెవే ప్రమాణం.

పాతడీజిల్

పాట ఫైల్ కూడా చూసుకోండి. ఇంత చేసి వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ వినేవాళ్లున్నారు. వీలైతే బ్లూటూత్ బదులు యూఎస్‌బీ వాడండి, యాప్‌లో క్వాలిటీ పైకి పెట్టుకోండి.

కొత్తకారుకాదు

గెయిన్ మూడో వంతు దగ్గర ఆగింది, ఫేజ్ 180లో బాగుంది. ఎడమ డోర్ ప్యాడ్‌లో ఒక క్లిప్పు మాత్రం 60 హెర్ట్జ్ దగ్గర టకటకమంటోంది.

తీగలపని

ప్యాడ్ విప్పినప్పుడు విరిగి ఉంటుంది. క్లిప్పులు విడిగా దొరుకుతాయి, కొత్తవి వేయించండి. ప్యాడ్‌కీ రేకుకీ మధ్య పల్చటి ఫోమ్ పట్టీ కూడా అంటించమనండి.

వెనకసీటు

మా ఇంట్లో పాత ముందు స్పీకర్లు వెనకకి వచ్చాయి. తీగలపని తమ్ముడికి థాంక్స్.